పురానాపూల్ మూడు కమాన్లు: 1:72 డయోరమాలో మూసీ నీళ్లు, రాతి మీద వాటి మరకలు

హైదరాబాద్ పురానాపూల్ వంతెనలో మూడు కమాన్లు, వాటి కింద పారే మూసీ, 1:72 స్కేల్‌లో, అంటే అసలుకు 72వ వంతు సైజులో. వచ్చిన పని ఇదీ. చేయించుకున్నది సాగునీటి శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. పుట్టి పెరిగింది కార్వాన్‌లో, ఇప్పుడు ఉంటున్నది కూకట్‌పల్లిలో కొడుకు ఫ్లాట్‌లో. హాల్లో ఒక టేబుల్ ఖాళీ చేయించి, దాని మీద పట్టేంత వంతెన కావాలన్నారు.

వంతెన చెక్కడం గురించి ఇక్కడ ముక్తసరిగానే చెబుతాను. రాయదలచుకున్నది నీళ్ల గురించి, వెదరింగ్ గురించి, అంటే ఎండావానలకు పాతబడినట్టు కనిపించేలా మరకలు వేయడం గురించి. మన దగ్గర డయోరమాలు, అంటే ఇలాంటి చిన్న సైజు దృశ్య నమూనాలు చేసేవాళ్లు కట్టడం మీద ప్రాణం పెడతారు. తీరా నది దగ్గరికొచ్చేసరికి నీలం రంగు పూసి పైన రెసిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోసేస్తారు. వంతెనకేమో నల్ల వాష్ (బాగా పలచన చేసిన రంగు) ఒకటి కొట్టి వెదరింగ్ అయిపోయిందంటారు. ఈ రెండూ వేరువేరు పనులు అనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది. రాతి వంతెన మీద కనిపించే మరకలు దాదాపు అన్నీ నీళ్లు పెట్టినవే. కాబట్టి ఏ నెల, నీటి మట్టం ఎక్కడ, అంతకుముందు వరద ఎంతదాకా ఎక్కింది అన్న సంగతులు తేలాకే బ్రష్ పట్టాలి. ఈ పనిలో రంగు డబ్బా మూత తీయకముందే పియర్ల (కమాన్లను మోసే స్తంభాల) చుట్టూ పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. కింది గీత ఇవాళ్టి నీటి మట్టం, పై గీత వరద తాకిన మట్టం. ఆ తర్వాత వేసిన ప్రతి రంగూ ఆ రెండు గీతల్ని చూసుకునే వేశాను.

కొలతలు

పురానాపూల్ 1578 నాటిది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా హయాంలో, గోల్కొండ వైపు నుంచి మూసీ దాటడానికి కట్టారు. 1591లో పుట్టిన హైదరాబాద్ నగరం కన్నా పాతది. పొడవు 600 అడుగులు, వెడల్పు 35, నది అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు, కమాన్లు 22. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ ప్రేమించిన భాగమతి కోసం కట్టారన్న కథ ఆ ఇంటికి వచ్చిన చుట్టాలందరూ నాకు చెప్పారు. వంతెన పూర్తయ్యేనాటికి మహమ్మద్ కులీకి పట్టుమని 13 ఏళ్లు. అయినా కథ బాగుంటుంది కదా అని తలూపి నా పని చూసుకున్నాను.

1:72లో ఆరడుగులు ఒక అంగుళం అవుతాయి, లెక్కకు హాయి. వంతెన మొత్తం చేస్తే 100 అంగుళాలు, అంటే ఎనిమిది అడుగుల పైమాట. టేబుల్ కాదు, హాలే సరిపోదు. 600ను 22తో భాగిస్తే ఒక కమాను, దాని పియర్ కలిపి సగటున 27 అడుగులు, మోడల్‌లో నాలుగున్నర అంగుళాలు. మూడు కమాన్లకు 14 అంగుళాల లోపే. ఎత్తు 9 అంగుళాలు, వెడల్పు ఆరుకు కాస్త తక్కువ. పునాదికి 12 మి.మీ. ప్లైవుడ్, 18 అంగుళాలకు 16. వంతెన ఒళ్లంతా ఎక్స్‌పీఎస్ ఫోమ్, అంటే గుళికలు లేని గట్టి ఫోమ్ షీట్. మామూలు తెల్ల థర్మోకోల్‌ను కోస్తే గుళికలు రాలతాయి, దాని మీద రాళ్లు చెక్కలేం. రాళ్ల మధ్య సందుల్ని బాల్‌పెన్‌తో నొక్కి గీశాను. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా నలిపి పైన దొర్లిస్తే రాతి గరుకు వచ్చేస్తుంది. కట్టడం గురించి ఇంతే.

ఏ మూసీ?

ఆయన మొదట అడిగింది ఇప్పటి మూసీని కాదు.

"నీళ్లు తేటగ ఉండాలె తమ్మీ. కింద ఇసుక కనవడాలె. మేం చిన్నప్పుడు ఈత కొట్టిన నీళ్లు."

"మంచిదే సార్. ఏ నెల పెడదాం?"

"ఎండకాలమే. సెలవులల్లనే గద పోయేది."

"మరి మూడు కమాన్ల కింద నీళ్లు నిండుగ ఉండాలె, రాళ్ల మీద పాచి పచ్చగ ఉండాలె అన్నరు కద సార్. ఎండకాలంల అవి రెండూ ఉండయి."

జీవితమంతా నీటి లెక్కలతో గడిపిన మనిషి. ఇంకొకరైతే 'బొమ్మే కదా, పెట్టెయ్' అనేవారు. ఆయన మాత్రం కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "నిజమే. మట్టం ఎక్కువుంటే తేట ఉండదు, తేట ఉంటే మట్టం ఉండదు" అన్నారు. తర్వాత ఆయనే తేల్చారు: "గేట్లు మూసినంక ఎట్లుంటదో అది చెయ్యి. వరద తీసేటప్పటి మూసీ."

గేట్లంటే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు. 1908 సెప్టెంబర్ 28 నాటి మహా వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో కట్టిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ గేట్లు ఎత్తితే పురానాపూల్ కింద మూసీకి ప్రాణమొస్తుంది. మూసేశాక మట్టం రోజురోజుకూ దిగుతూ, నడి పాయలో బురద నీళ్లు పారుతూ, ఒడ్డు పక్కన నాలాల నుంచి వచ్చిన నల్ల నీళ్లు నిలిచి ఉంటాయి. మోడల్ చేసేవాడికి ఇంతకన్నా మంచి రోజులు దొరకవు. ఒకే నదిలో రెండు రంగుల నీళ్లు, రాతి మీద తాజా ఒండ్రు, దాని పైన పాత నల్ల చారలు, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

ఆయన్ని ఒప్పించడానికి ఫొటోలు పనికిరావని నాకు అనుభవం. ఫోన్‌లో ఎవరి మూసీ అయినా పచ్చగానే కనిపిస్తుంది. అందుకే అరచేయంత ఫోమ్ ముక్కల మీద అడుగు రంగులు మార్చి, ఒకే డబ్బాలోని రెసిన్ పోసి ఆరబెట్టి తీసుకెళ్లాను. లేత ఇసుక రంగు అడుగున్న ముక్కలో నీళ్లు కొండవాగులా వచ్చాయి. ముదురు ఆలివ్ అడుగున్నది చెరువు అనిపించింది. గోధుమ అడుగు మీద ఒండ్రు కలిపిన రెసిన్ పోసిన ముక్కను చూడగానే ఆయన "ఇగో, ఇదే" అన్నారు. ఏ పెద్ద పనికైనా ఈ శాంపిల్ ముక్కల ఖర్చు పెట్టుకోవాల్సిందే. మాటల్లో చెబితే క్లయింట్‌కు ఒక రంగు, మనకు ఇంకో రంగు కనిపిస్తుంది.

రాయి

హైదరాబాద్ రాయి గ్రానైట్. బూడిద రంగు, అందులో కొన్నిచోట్ల గులాబీ ఛాయ. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది: టూత్‌బ్రష్‌ని రంగులో ముంచి చిలకరించి గ్రానైట్ చుక్కలు వేస్తారు. 1:72లో అది కుదరదు. అసలు రాతిలో గింజ అయిదు మి.మీ. ఉందనుకుందాం. స్కేల్‌లో అది మి.మీ.లో పదో వంతు కూడా రాదు, కంటికి ఆనదు. మనం వేసే చుక్క అర మి.మీ. ఉన్నా అసలు వంతెన మీద అది మూడున్నర సెంటీమీటర్ల మచ్చ. గోడంతా అలాంటి మచ్చలుంటే రాయిలా ఉండదు, మొజాయిక్ గచ్చులా ఉంటుంది. దూరం నుంచి చూసినప్పుడు గ్రానైట్ గోడలో కనిపించేది గింజ కాదు, ఒక రాయికీ పక్క రాయికీ ఉన్న తేడా.

అందుకని ముందు మొత్తానికి మధ్యరకం బూడిద రంగు వేశాను, వెచ్చదనానికి చిటికెడు రెడ్ ఆక్సైడ్ కలిపి. తర్వాత రాళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని, కొన్నింటికి తెలుపు కలిపి, కొన్నింటికి గులాబీ, కొన్నింటికి పసుపు ఓకర్ కలిపి వేశాను. పక్కపక్కన ఒకే ఛాయ పడకుండా చూసుకుంటే చాలు. విసుగు పుట్టే పనే కానీ ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని వాష్‌లు కొట్టినా కప్పిపుచ్చలేం. అక్కడక్కడ నాలుగైదు రాళ్ల సందుల్లో మాత్రం చల్లని సిమెంట్ బూడిద రంగు నింపాను. సికందర్ జా కాలంలో, 1820లో మరమ్మతులు జరిగిన వంతెన ఇది. ఆ తర్వాత కూడా పాత కట్టడాలకు మన దగ్గర జరిగే మరమ్మతు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. సున్నం పక్కన సిమెంట్ అతుకు లేకపోతే అది హైదరాబాద్ వంతెనే కాదు.

రంగులన్నీ అక్రిలిక్. తర్వాత వచ్చే వెదరింగ్‌కు ఆయిల్ రంగులు, టర్పెంటైన్ వాడతాం కాబట్టి మధ్యలో ఒక జాగ్రత్త అవసరం. టర్పెంటైన్‌కు ఫోమ్ ఆనవాలు దొరికిందా, తినేస్తుంది. రంగులో సూదిమొనంత సందు ఉన్నా లోపల గుంత పడుతుంది, పైకి తెలియదు. అందుకే మొదట్లోనే ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ కలిపి రెండు పూతలు వేశాను. రంగులయ్యాక మ్యాట్ వార్నిష్ కొట్టి బాగా ఆరనిచ్చాను. స్ప్రే డబ్బాలో వచ్చే రంగులు, వార్నిష్‌లు కూడా నేరుగా ఫోమ్ మీద పడకూడదు, వాటిలోని సాల్వెంట్‌దీ ఇదే గుణం.

పై నుంచి, లోపల నుంచి, కింద నుంచి

రాతి వంతెనను నీళ్లు మూడు దారుల్లో తాకుతాయి. ఏ దారి నీళ్లు ఏ మరక పెడతాయో తెలిస్తే రంగు దానంతటదే తేలుతుంది.

పై నుంచి పడేది వాన. పిట్టగోడ మీద, వంతెన పైన పడ్డ నీళ్లు గొట్టాల్లోంచి, పిట్టగోడ పగుళ్లలోంచి రాతి ముఖం మీదకి జారతాయి. ఆ దారిలో చెమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి పాచి పెరుగుతుంది. వానల్లో పచ్చగా ఉండే ఆ పాచే ఎండాక నల్లబడుతుంది. కోట గోడల మీద, బండల మీద మనం చూసే నల్ల చారలన్నీ దాదాపు ఇవే. వాటిని మసి అనుకుని స్వచ్ఛమైన నలుపుతో వేసేవాళ్లున్నారు. నేను రా అంబర్‌లో పేన్స్ గ్రే కలిపి, కొసన కొద్దిగా శాప్ గ్రీన్ తగిలించి వేశాను.

ఒక్క చార ఎలా వేశానో చెబుతాను, మిగతావన్నీ ఇదే వరస. గొట్టం మూతి కింద సూదిమొనంత ఆయిల్ రంగు చుక్క పెట్టాను. చిన్న చదును బ్రష్‌ని టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా అయ్యాక ఆ చుక్కను కిందికి లాగాను. మొదటి రాయి దాటి సందు రాగానే ఆపేశాను. నీళ్లు నిజంగా చేసేది అదే. సందు తగలగానే నిలువుగా దిగవు, సందు వెంట అడ్డంగా కాస్త జరిగి, దారి దొరికిన చోట మళ్లీ దిగుతాయి. కాబట్టి సందులో రంగును మి.మీ. అంత పక్కకు జరిపి, అక్కడి నుంచి రెండో రాయి మీద సన్నగా లాగాను. ఉబ్బుగా ఉన్న రాయి వస్తే చార దాన్ని చుట్టుకుని పోవాలి. కింది కొస పలచబడి మాయమవ్వాలి. అంచులు మరీ మెత్తగా వస్తే, టర్పెంటైన్ ఆరాక రాతి రంగు అక్రిలిక్‌తో ఒక పక్క అంచును తిరిగి కోశాను. తిన్నగా, ఒకే పొడవున, ఒకే దూరంలో చారలు వేస్తే వంతెన ఊచలు దిగేసినట్టు అయిపోతుంది. గొట్టాల కింద చిక్కగా, గొట్టాల మధ్య అసలు లేకుండా ఉండాలి. నైరుతి గాలివాన పడమర నుంచి కొడుతుంది కాబట్టి నది ఎగువ వైపు ముఖానికి చారలు ఎక్కువ పెట్టి, దిగువ ముఖాన్ని కాస్త శుభ్రంగా వదిలాను.

లోపల నుంచి వచ్చేది ఊట. వంతెన కడుపులోని మట్టి, రాళ్ల మధ్య నుంచి ఇంకిన నీళ్లు పాత సున్నాన్ని కరిగించుకుంటూ కమాను లోపలి వంపు మీద బయటికొస్తాయి. గాలి తగలగానే ఆ సున్నం తెల్లగా గడ్డకడుతుంది. కాబట్టి తెల్ల మరకల చోటు కమాను కడుపు. గోడ ముఖం మీద నల్లగా, కమాను కింద తెల్లగా ఉండడానికి కారణం ఇది. టైటానియం వైట్‌లో కొద్దిగా ఓకర్ కలిపి, సందుల దగ్గర చిక్కగా మొదలుపెట్టి కిందికి పలచబరిచాను. రెండు చోట్ల టాల్కం పౌడర్ కలిపిన రంగును కాస్త మందంగా పెట్టాను, పెచ్చులా కనబడాలని. ఊట ఉన్న సందుల్లోనే రావి మొలకలు వస్తాయి, చెమ్మ లేని చోట రావు. మొలకల వేళ్లకు రాగి తీగ పోగులు, ఆకులకు రంగేసిన టిష్యూ పేపర్. మూడు కమాన్లకు కలిపి రెండు మొక్కలే పెట్టాను.

కింద నుంచి ఎక్కేది నది. ఎక్కువమంది తప్పుగా చూసే చోటు ఇది. వరద గీత అనగానే ముదురు రంగు పట్టీ వేస్తారు. వరద తీశాక రాతి మీద మిగిలేది ఒండ్రు. ఎండిన ఒండ్రు రాతి కన్నా లేత రంగులో ఉంటుంది. అంటే పై పెన్సిల్ గీత నుంచి కిందికి వంతెన లేతగా, దుమ్ము పట్టినట్టు కనిపించాలి. నీటికి ఆనుకుని ఉన్న సన్నటి తడి పట్టీ మాత్రమే ముదురు. మధ్యలో పాచి పచ్చదనం కొద్దిగా. గీతకు పైన పాత నల్ల చారలు మామూలుగానే ఉంటాయి, గీత కింద వాటి మీద ఒండ్రు పొర పడి మసకబారతాయి. ఈ వరస కుదిరిందంటే, నిన్నటిదాకా నీళ్లు ఎక్కడున్నాయో చూసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒండ్రుకు పొడి పిగ్మెంట్‌లే వాడాను: లేత ఓకర్, బూడిద, కొద్దిగా తెలుపు. పొడిని రాళ్ల పై అంచుల మీద, సందుల్లో వదిలి, పక్క నుంచి టర్పెంటైన్ చుక్కను తాకించాను. అది పొడిని తనే లాక్కుని సందుల్లోకి పట్టుకుపోతుంది. ఎగువ వైపు పియర్ ముక్కు (నీళ్లను చీల్చే కొస) మీద ఒండ్రు తక్కువ, ప్రవాహం కడిగేస్తుంది. దిగువ వైపు, నీళ్లు నెమ్మదించే చోట ఎక్కువ పేరుకుంటుంది. ఈ మాట ఆయనే చెప్పారు, పియర్ల ముక్కులు చూపిస్తూ.

నీటి రంగు అడుగున ఉంటుంది

రెసిన్ పోసేవాళ్లకు లోతు మీద మోజు. రెండు సెంటీమీటర్లు పోద్దాం అంటారు. స్కేల్‌లో ఒక అడుగు లోతు అంటే నాలుగు మి.మీ. పైచిలుకు. వరద తీసే మూసీలో అడుగు లోతు కూడా కంటికి కనబడదు, జానెడు కింద ఏముందో తెలియదు. అలాంటప్పుడు మందంగా పోసినంత మాత్రాన వచ్చేదేమీ లేదు, రెసిన్ ఖర్చు, వేడి, బుడగలు తప్ప. మూడు మి.మీ. చాలు. లోతు కనిపించాల్సింది అడుగు రంగులో.

అడుగును నున్నగా పుట్టీ పట్టి, నడి పాయలో బర్న్ట్ అంబర్, ఒడ్డు వైపు వచ్చేకొద్దీ ఓకర్, ఒడ్డున తడి మట్టి రంగు. ఎడమ కమాను పక్కన నాలా నీళ్లు నిలిచే చోట నలుపుకు దగ్గరగా ఉన్న ఆకుపచ్చ. రంగుకూ రంగుకూ మధ్య గీత కనబడకుండా ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పరికరంతో) కలిపాను. ఎయిర్‌బ్రష్ లేకపోతే స్పాంజితో అద్దినా వస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.

రెండు నీళ్లకూ తేడా రంగులో మాత్రమే లేదు. ఒండ్రు నీళ్లు పాలు పోసిన టీ, నాలా నీళ్లు డికాషన్. మొదటి దాంట్లో తేలే మట్టి రేణువులు వెలుగును వెనక్కి కొడతాయి కాబట్టి అది లేతగా, గుడ్డిగా ఉంటుంది. రెండోది ముదురుగా ఉన్నా కాస్త పారదర్శకంగా ఉంటుంది. అందుకని ఒండ్రు నీటి రెసిన్‌లో ఓకర్, అంబర్ పిగ్మెంట్‌లతో పాటు తెలుపు కూడా కలిపాను. ఆ తెలుపు లేకపోతే ఎంత గోధుమ రంగు వేసినా నీళ్లు కావు, తేనె అవుతుంది. పొడి పిగ్మెంట్‌ను చిటికెడుకు మించనివ్వలేదు. నీళ్ల ఆధారంగా ఉండే అక్రిలిక్ రంగు ఎక్కువ కలిపితే రెసిన్ సరిగా గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది.

పోసిన రోజు

ఎపాక్సీ రెసిన్ తప్ప ఇంకోటి వాడొద్దు. ఫైబర్‌గ్లాస్ పనికి హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పాలిస్టర్ రెసిన్ చవక, కానీ అందులోని స్టైరీన్ ఫోమ్‌ను కరిగించేస్తుంది. ఎపాక్సీకి ఆ గుణం లేదు, దాని గొడవ వేడితో. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందంగా పోస్తే ఇంకా ఎక్కువ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ 75 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. పలచటి పొరల్లో పోయడానికి ఇది రెండో కారణం.

మన ఊళ్లో వాతావరణం కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గిన్నెలో రెసిన్ పనికొచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో రేకుల షెడ్‌లో కూర్చుని నింపాదిగా కలుపుతానంటే కుదరదు. జూలై, ఆగస్టు ముసురులో ఇంకో బాధ: గాలిలో తేమకు ఎపాక్సీ పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది కానీ, కడగకుండా రెండో పొర పోస్తే రెండూ అతుక్కోవు. ఈ పనిని ముసురు తగ్గేదాకా ఆపి, ఎండ ఉన్న రోజు పొద్దున పోశాను. పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశారు, "ఇంక వాన తగ్గలేదా తమ్మీ?" అని.

నాలుగు పక్కలా కట్టకు అక్రిలిక్ షీట్ ముక్కలు, లోపలి వైపు ప్యాకింగ్ టేపు అంటించి. ఎపాక్సీ ఆ టేపుకు పట్టుకోదు, తర్వాత ఊడబీకడం తేలిక. బయట మూలలకు హాట్ గ్లూ. అయినా ఎక్కడో ఒకచోట కారుతుందనే టెన్షన్ ఎప్పటికీ పోదు, అందుకే కింద పాలిథిన్ పరిచాకే పోయడం. గది కిటికీలు తీసి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి. గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఇక ఈ పని మానుకోవాల్సిందే.

మొత్తానికి పట్టింది 350 మి.లీ. లోపు. రెసిన్, హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఉన్నదే, బరువు ప్రకారమా, కొలత ప్రకారమా అన్నది కూడా చూసుకుని. ఎలక్ట్రానిక్ కాటా లేకుండా కంటి అంచనాతో కలిపేవాళ్లకు దండం. మొదటి పొర రెండు మి.మీ.: రెండు కప్పుల్లో వేరుగా కలిపి, నడి పాయలో ఒండ్రు రంగుది, ఎడమ పక్కన ముదురుది. రెండూ కలిసే చోట అగ్గిపుల్లతో ప్రవాహం దిశలో ఒకే ఒక్కసారి గీశాను. నాలా నీళ్లు నదిలో కలిసిన వెంటనే కరిగిపోవు, చాలా దూరం అంచు కనబడుతూనే పారతాయి. ఎక్కువ కలియబెడితే ఆ అంచు చచ్చిపోతుంది. రెండో పొర మి.మీ. మాత్రమే, దాదాపు రంగు లేకుండా.

రెసిన్ పియర్ల వెంట కాస్త పైకి పాకుతుంది. చాలామంది దీన్ని లోపమంటారు. నీటి అంచున తడి పట్టీ మనకు కావాల్సిందే కదా, అక్కడ వదిలేశాను. ఒడ్డు మట్టి మీద పాకిన చోట మాత్రం మ్యాట్ వార్నిష్ కొట్టి మెరుపు చంపాను.

అలలు

ఇక్కడ క్లయింట్ చెప్పిన దాన్నే రంగులోకి దింపాను. "నీళ్లు ముక్కు కాడ ఎక్కుతయి, కమాను కింద దిగుతయి, అవతలికి పోయినంక పొర్లుతయి." పియర్ ముక్కుకు కొట్టుకున్న చోట చిన్న ఉబ్బు. రెండు పియర్ల మధ్య దారి ఇరుకు కాబట్టి నీళ్లు వేగం అందుకుంటాయి, అక్కడ నున్నగా నాలుకలా ఉంటుంది. కమాను దాటాక ఆ వేగం విరిగి చిన్న చిన్న అలలు. పియర్ వెనక మరుగున సుడి, అందులోనే నురగ, చెత్త చేరడం.

గ్లాసీ అక్రిలిక్ జెల్‌ను చదును బ్రష్‌తో పొడుస్తూ వేశాను. పాల రంగులో ఉండి ఆరాక పారదర్శకం అవుతుంది. జెల్ ఎత్తు మి.మీ. దాటితే స్కేల్‌లో ఏడు సెంటీమీటర్ల అల. నదిలో అక్కడక్కడ అది చాలు, నది అంతా అదే ఉంటే సముద్రం. నాలా నీళ్లు నిలిచిన పక్క జెల్ వేయనే లేదు, చదునుగా వదిలాను. ఆ చదును వల్లే పక్కనున్న ప్రవాహం కదులుతున్నట్టు కనిపిస్తుంది.

నురగకు తెలుపులో చుక్క ఓకర్ కలిపి, చింపిన స్పాంజి ముక్కతో అద్దాను. సబ్బు, డిటర్జెంట్ నీళ్ల నురగ కాబట్టి పియర్ వెనక గడ్డలుగా నిలుస్తుంది. ఒడ్డు వారన గుర్రపు డెక్క. దాని ఆకు స్కేల్‌లో మి.మీ.న్నర, రెండు వైపులా పచ్చరంగు వేసిన పలచటి కాగితాన్ని సన్నగా తుంచి, గుబురుగా అంటించాను. పియర్ ముక్కుకు చిక్కుకున్న కొమ్మలు, పీలికలైన పాలిథిన్ సంచులు. వంతెన మీద కూరగాయల బుట్టలు, తోపుడు బండ్లు, కొనేవాళ్లు. బొమ్మలకు చీరలు, లుంగీలు ఎపాక్సీ పుట్టీతో తొడిగాను. అది వేరే పెద్ద కథ.

వార్నిష్ వరసలో ఒకటే సూత్రం పాటించాను: ఎండిన రాయి మ్యాట్, తడి పట్టీ అర మెరుపు, నీళ్లు పూర్తి మెరుపు. మెరుపు పని చివరికి వదిలాను. ముందే గ్లాసీ వేసి తర్వాత మ్యాట్ స్ప్రే చేస్తే నది మీద దుమ్ము కప్పినట్టు మసకబారుతుంది.

అప్పగించాక

టేబుల్ పెట్టిన చోటు పడమటి కిటికీ ఎదురుగా ఉంది. ఎపాక్సీకి ఎండ పడదు, ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. బురద రంగు నీళ్లలో అది వెంటనే తెలియదు, తేట నీళ్లయితే ఇట్టే తెలుస్తుంది. అయినా టేబుల్‌ను ఎదుటి గోడకు మార్పించాను. పైన అక్రిలిక్ మూత, దుమ్ము పడకుండా. జెల్ అలల మీద దుమ్ము చేరితే తుడవడం నరకం. హాల్లో ఉన్న తెల్ల ఎల్‌ఈడీ కింద నది బూడిద రంగులో కనిపిస్తుంటే, మూత లోపల వెచ్చటి రంగు ఎల్‌ఈడీ పట్టీ ఒకటి ఎగువ వైపు నుంచి ఏటవాలుగా పెట్టాను. వెలుగు పక్క నుంచి పడితేనే అలలు లేస్తాయి, నెత్తి మీద నుంచి పడితే అణిగిపోతాయి.

ఆయన ఒకే మార్పు అడిగారు. మధ్య పియర్ ముక్కుకు చిక్కుకున్న చెత్త కింది గీత దగ్గరే ఉంది. "వరద అంత ఎత్తుకు వచ్చిందంటివి గద, మరి చెత్త పైన గూడ తట్టుకోవాలె గద" అన్నారు. మూత తీసి, పై గీతకు వేలెడు కింద, రాతి సందులో ఒక కొమ్మనూ దానికి వేలాడే సంచి పీలికనూ అక్కడే నిలబడి అంటించాను. ఎండిపోయిన సంచి కదా, దానికి ఒండ్రు రంగు పొడి కూడా అద్దాను.